కార్టూన్ పాత్రకు జాతి ఎలా అబ్బుతుంది: ఒక ఎపిసోడ్‌ను పొరలుగా విప్పి చూసే పద్ధతి

సినిమాలో నటుడు తెర మీదికి రాగానే అతని ఒంటిరంగు, ముఖం, గొంతు, నడక అన్నీ ఒకే మనిషిలో కలిసి వస్తాయి. యానిమేషన్ ధారావాహికలో వీటిలో ఏ ఒక్కటీ దానంతటది రాదు. గీత ఒకరు గీస్తారు, రంగు ఇంకొకరు నిర్ణయిస్తారు, మాట వేరొకరు రాస్తారు, ఆ మాటను మైకు ముందు మరొకరు పలుకుతారు, ఆ పలుకుకు తగినట్టు పెదవులనూ చేతులనూ కదిలించే పని చాలాసార్లు వేరే దేశంలో, ముఖ్యంగా దక్షిణ కొరియాలో, జరుగుతుంది. కాబట్టి ఒక బొమ్మను చూసిన క్షణంలోనే ‘ఇతను నల్లజాతివాడు’, ‘ఈమె భారతీయురాలు’ అని మనకు తోచిందంటే, ఆ క్షణం వెనుక వేర్వేరు మనుషులు వేర్వేరు గదుల్లో తీసుకున్న నిర్ణయాలు వరుసగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. మీడియా విద్యార్థులకూ, సమీక్షలు రాసేవారికీ, యానిమేషన్ స్టూడియోలలో పాత్రలను రూపొందించే యువతకూ ఇది పనికివస్తుంది. ఉదాహరణలు దాదాపుగా అన్నీ అమెరికన్ టెలివిజన్‌కు చెందినవి, ఎందుకంటే ఈ నిర్ణయాలు అక్కడ దశాబ్దాలుగా బహిరంగ చర్చకు వచ్చాయి, కొన్ని బహిరంగంగానే మారాయి కూడా.

ముందుగా ఎపిసోడ్ ఎంపిక. వేర్వేరు జాతులకు చెందినవిగా కనిపించే పాత్రలు కనీసం రెండు పరస్పరం మాట్లాడుకునే ఎపిసోడ్‌ను తీసుకోండి. జాతి వివక్ష గురించే ప్రత్యేకంగా తీసిన ఎపిసోడ్‌ను మాత్రం తొలిసారికి తీసుకోకండి. అటువంటి చోట రచయితలు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు. వారు జాతి గురించి ఆలోచించకుండా, పుట్టినరోజు విందు గురించో పక్కింటివారితో గొడవ గురించో రాసిన మామూలు కథలోనే అలవాటైన ఊహలు బయటపడతాయి. ఎపిసోడ్‌ను ఒకసారి ప్రేక్షకుడిలా పూర్తిగా చూసి, ప్రతి పాత్ర ఏ జాతికి చెందినదని మీకు అనిపించిందో, ఆ అభిప్రాయం ఏ నిమిషంలో కలిగిందో రాసి పెట్టుకోండి. తర్వాత చేసే ప్రతి పరిశీలనకూ ఈ తొలి అభిప్రాయమే కొలమానం.

రంగు తీసివేసి చూడడం

ఇప్పుడు ధ్వని ఆపి, తెరను నలుపు తెలుపులోకి మార్చండి. ఈ సదుపాయం నేటి ఫోన్లలో, కంప్యూటర్లలో సెట్టింగుల్లోనే ఉంటుంది. రంగు పోయాక కూడా ఆ పాత్ర అదే జాతిగా కనిపిస్తోందా అని చూడండి. కనిపిస్తే ఆ గుర్తింపు గీతలో, అంటే ముక్కు, పెదవులు, కళ్లు, జుట్టు, దుస్తులలో ఉంది. కనిపించకపోతే అది పూర్తిగా రంగు డబ్బాలోంచి వచ్చిందే.

ఈ పరీక్షకు ‘ది సింప్సన్స్’ను మించిన పాఠం లేదు. 1990 జనవరిలో ప్రసారమైన ‘హోమర్స్ ఒడిస్సీ’ ఎపిసోడ్‌లో, ధనవంతుడైన బర్న్స్ వద్ద పనిచేసే స్మిథర్స్ గోధుమరంగు చర్మంతో కనిపిస్తాడు. అది రంగులు వేయడంలో జరిగిన పొరపాటు. తర్వాతి ఎపిసోడ్ల నుంచి అతను మిగతావారిలాగే పసుపురంగులోకి వచ్చేశాడు. గీత మారలేదు, గొంతు మారలేదు, యజమాని ముందు వంగి వంగి మాట్లాడే తీరూ మారలేదు. అయినా ఆ ఒక్క ఎపిసోడ్‌ను నేడు చూసినవారికి తెల్ల యజమాని, నల్ల సేవకుడు అనే పాత అమెరికన్ దృశ్యం గుర్తుకు రాక తప్పదు. ఒక్క రంగు మారితే అదే సంభాషణకు ఎంత చరిత్ర వచ్చి అంటుకుంటుందో ఇంత స్పష్టంగా చూపే సందర్భం మరొకటి నాకు తెలియదు.

ఆ ధారావాహికలోనే ఇంకొక సంగతి గమనించండి. పసుపురంగు ఏ మనిషి చర్మానికీ లేని రంగు. ఛానళ్లు మార్చే ప్రేక్షకుడి కంటికి వెంటనే ఆనడం కోసం, బార్ట్, లీసాల వంటి పిల్లల బొమ్మల్లో తలకూ జుట్టుకూ మధ్య గీత లేని ఇబ్బందిని దాటడం కోసం ఆ రంగు ఎంచుకున్నారని నిర్మాతలు చెబుతూ వచ్చారు. కానీ కార్ల్, డాక్టర్ హిబ్బర్ట్, అపూ వంటి పాత్రలకు గోధుమరంగు వేయడంతో పసుపు తటస్థంగా ఉండడం మానేసి ‘తెల్లవారు’ అనే అర్థం తెచ్చుకుంది. మీరు చూసే ఏ ధారావాహికలోనైనా ఈ ప్రశ్న వేయండి: ఇక్కడ ప్రత్యేకంగా గుర్తు పెట్టనవసరం లేని రంగు ఏది? ఎవరి పాత్రలకు అదనంగా గుర్తు పెట్టవలసి వచ్చింది? కథలో మామూలు మనిషిగా ఎవరిని తలచుకుని రాశారో దీనితో తేలిపోతుంది.

నీలం, ఆకుపచ్చ వంటి రంగులు చూసి ‘ఇక్కడ జాతి లేదు’ అని తొందరపడి రాయకూడదు. బ్రూస్ స్మిత్ సృష్టించి, 2001లో డిస్నీ ఛానల్‌లో మొదలైన ‘ది ప్రౌడ్ ఫ్యామిలీ’లో గ్రాస్ అక్కచెల్లెళ్ల చర్మం నీలంగా ఉంటుంది. చర్మం పొడిబారి బూడిదరంగు తేలడం గురించి నల్లజాతి కుటుంబాల్లో పరిపాటిగా చేసుకునే హాస్యమే ఆ నీలానికి మూలం. ఆ ఇళ్లలో పెరిగినవారికి వెంటనే అందే నవ్వు అది. బయటివారికి అది ఒక వింత రంగు మాత్రమే. ఒకే రంగు ఇద్దరు ప్రేక్షకులకు రెండు విధాలుగా అందుతున్నప్పుడు ఆ రెండింటినీ మీ నోట్సులో వేర్వేరుగా రాయాలి.

జుట్టును విడిగా చూడండి. డాక్టర్ హిబ్బర్ట్ గతాన్ని చూపే సన్నివేశాలలో అతని కేశాలంకరణ కాలాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ఒకచోట గుండ్రని ఆఫ్రో, ఇంకొకచోట మరొకటి. అది నవ్వు కోసమే పెట్టినా, ఆ పాత్ర జాతికి ఒక కాలాన్ని, ఒక ఫ్యాషన్ చరిత్రను కూడా జోడిస్తుంది. దుస్తుల విషయంలో భారతీయ పాఠకులకు వెంటనే అర్థమయ్యే ఉదాహరణ 1964లో వచ్చిన ‘జానీ క్వెస్ట్’లోని హాజీ. కలకత్తా నుంచి వచ్చిన ఆ కుర్రవాడికి తలపాగా, దానికి ఒక మణి, మనుషులను గాలిలోకి లేపే మంత్రవిద్య. ఈ మూడింటినీ తీసివేస్తే అతనిలో కలకత్తా అంటూ ఏమీ మిగలదు. గుర్తింపును మోసే వస్తువులను ఇలా ఒక్కొక్కటిగా మనసులో తీసివేసి చూడడం మంచి సాధన.

ఈ పరీక్షకు అమెరికా దాకా వెళ్లనక్కర లేదు కూడా. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ రూపొందించగా 2008 నుంచి పోగో ఛానల్‌లో వస్తున్న ‘ఛోటా భీమ్’లో భీమ్, చుట్కీ, కాలియాల చర్మపు రంగులను పక్కపక్కన పెట్టి, వారిలో దౌర్జన్యం చేసే పిల్లవాడికి ఏ పేరు, ఏ ఛాయ ఇచ్చారో చూడండి. ఇక్కడ ప్రశ్న జాతి గురించి కాదు, ఒంటిఛాయ గురించి. అయినా పరిశీలించే పద్ధతి ఒక్కటే.

కళ్లు మూసుకుని వినడం

రెండోసారి తెరను పూర్తిగా ఆపి ధ్వని మాత్రమే వినండి. నా అంచనాలో అన్నిటికంటె బలమైన పొర ఇదే. బొమ్మ లేకుండానే గొంతు ఒక జాతిని నిలబెట్టగలదని అమెరికన్ ప్రసార మాధ్యమాలకు రేడియో కాలంలోనే తెలుసు. 1928లో మొదలైన ‘ఏమస్ అండ్ ఆండీ’ రేడియో కార్యక్రమంలో నల్లజాతి పాత్రలను పలికినవారు ఫ్రీమన్ గాస్డెన్, చార్లెస్ కొరెల్ అనే ఇద్దరు తెల్లవారు. 1951లో అది టెలివిజన్‌కు వచ్చేసరికి నల్లజాతి నటులనే తీసుకోవలసి వచ్చింది, నల్లజాతీయుల హక్కుల సంస్థ నుంచి తీవ్ర నిరసన కూడా ఎదురైంది. ఆ తర్వాత 1961లో అదే గాస్డెన్, కొరెల్ ‘కాల్విన్ అండ్ ది కర్నల్’ అనే కార్టూన్ ధారావాహికతో ఏబీసీలోకి వచ్చారు. అందులో నాయకులు ఒక ఎలుగుబంటి, ఒక నక్క. మనుషులే లేరు కనుక చర్మపు రంగన్న ప్రశ్నే రాదు. కానీ మాట తీరు, హాస్యపు మలుపులు పాత రేడియో నుంచి వచ్చినవే. జంతువు బొమ్మ ఎలా ముసుగుగా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఈ పరిణామక్రమాన్ని గుర్తుంచుకోవాలి. మీ ఎపిసోడ్‌లో జంతువులో, రోబోలో, గ్రహాంతరవాసులో మాట్లాడుతుంటే వాటి గొంతులను వదిలిపెట్టకండి.

గొంతునూ బొమ్మనూ విడదీసి మార్చిన మరొక సందర్భం ‘టామ్ అండ్ జెర్రీ’ది. 1940వ దశకపు లఘుచిత్రాలలో ఇంటిపని చేసే నల్లజాతి స్త్రీ పాత్రకు లిలియన్ రాండాల్ఫ్ గొంతు ఇచ్చారు. 1960వ దశకంలో ఆ చిత్రాలు టెలివిజన్‌కు వస్తున్నప్పుడు కొన్నింటిలో ఆమె బొమ్మను చెరిపి సన్నని తెల్ల యువతిని గీశారు, జూన్ ఫోరే చేత ఐరిష్ యాసలో మళ్లీ చెప్పించారు. పిల్లికి పడే తిట్లూ చీపురుదెబ్బలూ మాత్రం అలాగే ఉన్నాయి. రెండు ప్రతులనూ పక్కపక్కన చూస్తే ఒక విచిత్రం తెలుస్తుంది: వెక్కిరింపును తొలగించే ప్రయత్నంలో ఆ మనిషినే తొలగించారు, పైగా ఆ స్థానంలోకి వచ్చినది వలస వచ్చిన ఐరిష్ పనిమనిషి అనే ఇంకొక మూసబొమ్మ.

ఇక అపూ గురించి కొంత వివరంగా చెప్పాలి, మన పాఠకులలో చాలామందికి ఇదే దగ్గరి ఉదాహరణ కనుక. 1990 ఫిబ్రవరిలో తొలిసారి కనిపించిన ఈ దుకాణదారుడికి హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు దాదాపు ముప్పై ఏళ్లు గొంతు ఇచ్చాడు. ఆ యాసకు తాను విన్న దుకాణ గుమాస్తాల మాటతో పాటు, 1968లో ‘ది పార్టీ’ చిత్రంలో పీటర్ సెల్లర్స్ వేసిన భారతీయ వేషం కూడా ఆధారమని అతనే చెప్పాడు. అంటే అది ఒక ఆంగ్ల నటుడు చేసిన అనుకరణకు అనుకరణ. న్యూయార్క్‌లో పెరిగిన హాస్యనటుడు హరి కొండబోలు తీసిన ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ 2017లో ప్రసారమైంది. అతనిది తెలుగు కుటుంబం. తెలుగు ఇంటిపేరే ఉన్న అపర్ణ నంచర్ల సహా పలువురు దక్షిణాసియా కళాకారులు అందులో మాట్లాడారు. అప్పట్లో అమెరికన్ టెలివిజన్‌లో భారతీయ పాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉండడం వల్ల, ఒక్క గొంతు ఒక సమాజం మొత్తానికి గొంతుగా మారి, బడిలో పిల్లలను ఏడిపించడానికి ఆయుధమైందన్నది వారి ఆరోపణలోని సారాంశం.

ఇక్కడ మీరు చేయవలసిన పని, యాసను ‘మంచిది’, ‘చెడ్డది’ అని తీర్పు చెప్పడం కాదు. మొదట యాస ఏ ప్రాంతానిదో పట్టుకోగలరేమో చూడండి. అపూ మాట ఏ ప్రాంతపు భారతీయ ఆంగ్లానికీ సరిగ్గా సరిపోదు. అతని ఇంటిపేరైన నహాసపీమాపెటిలన్ కూడా ఏ భారతీయ భాషకూ చెందదు. గుంటూరు నుంచి వెళ్లినవారి ఆంగ్లానికీ, లూధియానా నుంచి వెళ్లినవారి ఆంగ్లానికీ ఉన్న తేడా మన చెవికి తెలుసు. ఆ తేడా ఆ పాత్రలో లేదంటే, దాన్ని ఎవరి చెవుల కోసం తయారుచేశారో అర్థమవుతుంది. తర్వాత నవ్వు ఎక్కడ పుడుతోందో చూడండి. సంభాషణను కాగితం మీద రాసుకుని, మీ మామూలు గొంతుతో చదవండి. అప్పటికీ నవ్వు వస్తే అది రచన గొప్పతనం. యాస పోగానే నవ్వు కూడా పోతే, ఆ వాక్యంలో హాస్యాన్ని మోసింది జాతి ఒక్కటే. న్యాయంగా చెప్పాలంటే, అపూ వాక్యాలలో చాలా వాటికి మామూలు గొంతుతోనూ నవ్వు వస్తుంది. 1996లో అతని పౌరసత్వం చుట్టూ అల్లిన ఎపిసోడ్ వలసదారుల పట్ల సానుభూతితో, పదునుగా రాసినది. ఈ రెండు సంగతులూ ఒకే పాత్రలో ఉండగలవని ఒప్పుకోని విశ్లేషణను నేను నమ్మను.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారు

మూడోసారి ధ్వని, చిత్రం రెండూ ఉంచి, పాత్రల స్థానాలను మాత్రమే గమనించండి. ఎవరు మొదట మాట్లాడతారు, ఎవరు జవాబు మాత్రమే చెబుతారు, ఎవరి ఇల్లు చూపిస్తారు, ఎవరికి ఇల్లే లేదు, ఎవరికి అమ్మానాన్నలు ఉన్నారు? కార్ల్, లెన్నీ అన్న జంటలో కార్ల్ జాతి గురించి ఎపిసోడ్లకు ఎపిసోడ్లు ఎవరూ ఎత్తరు; అపూ ఉన్న చోట అతని జాతి ప్రస్తావన లేని సన్నివేశం అరుదు. ఇద్దరి చర్మానిదీ గోధుమ ఛాయే. తేడా అంతా స్క్రిప్టులోనే ఉంది.

దృశ్య విన్యాసానికి బాగా తెలిసిన ఉదాహరణ 1973లో సీబీఎస్‌లో వచ్చిన ‘ఎ చార్లీ బ్రౌన్ థాంక్స్‌గివింగ్’. విందుబల్లకు ఒకవైపు పిల్లలు గుంపుగా కూర్చుంటే, మరోవైపు నల్లజాతి బాలుడు ఫ్రాంక్లిన్ ఒక్కడే మడతకుర్చీలో కూర్చుని ఉంటాడు. ఒక ఉపాధ్యాయురాలు రాసిన ఉత్తరంతో కదిలి, చార్లీ బ్రౌన్ సృష్టికర్త చార్ల్స్ షుల్జ్ ఫ్రాంక్లిన్‌ను 1968 జూలైలో తన కామిక్ స్ట్రిప్‌లోకి తెచ్చారు. పాత్రను తెచ్చిన ఉద్దేశం మంచిదే, గీతలో వెక్కిరింపు లేదు, మాటలో యాస లేదు. ఆ కుర్చీ ఒక్కటే దశాబ్దాల చర్చకు కారణమైంది. 2024లో ఫ్రాంక్లిన్ మీదే తీసిన ప్రత్యేక కార్యక్రమంలో, బల్లకు అవతలి పక్కన ఒంటరిగా ఉన్న అతన్ని స్నేహితులు తమవైపుకు పిలిచే దృశ్యం పెట్టారంటే, ఒక్క ఫ్రేములో కుర్చీ స్థానం ఎంత బరువు మోయగలదో గ్రహించవచ్చు. ప్రతి బృంద దృశ్యంలోనూ వీడియోను ఆపి, ఎవరు ఎక్కడ ఉన్నారో కాగితం మీద చుక్కలుగా గుర్తించండి. పది ఫ్రేములు చేసేసరికి ఒక నమూనా కనిపించడం మొదలవుతుంది, లేదా ఏ నమూనా లేదని తేలుతుంది. అది కూడా ఫలితమే.

జాతి గుర్తింపును ఇతర పాత్రల నోట పుట్టించే పద్ధతి కూడా ఉంది. ‘కింగ్ ఆఫ్ ది హిల్’లో 1997లో లావోస్ మూలాలున్న కాన్ కుటుంబం టెక్సస్ వీధిలోకి వచ్చినప్పుడు, ఇరుగుపొరుగు అతన్ని చైనీయుడా, జపనీయుడా అని అడుగుతారు. అతను లావోస్ ఎక్కడుందో, అక్కడి జనాభా ఎంతో ఓపికగా వివరించాక కూడా మళ్లీ అదే ప్రశ్న వేస్తారు. చివరికి, నోరు తెరిస్తే దురహంకారమే మాట్లాడే ముసలి మాజీ సైనికుడు కాటన్ మాత్రం చూడగానే అతన్ని సరిగ్గా గుర్తుపడతాడు. హాస్యం కాన్ మీద కాదు, అడిగేవారి అజ్ఞానం మీద. అయినా ఆ కాన్‌కు అప్పట్లో గొంతు ఇచ్చింది తెల్ల నటుడైన టోబీ హస్. ఒకే సన్నివేశంలో స్క్రిప్టు ఒక దిక్కుకు, గొంతు మరొక దిక్కుకు లాగుతున్నాయి. మీ విశ్లేషణలో ఈ పొరలకు వేర్వేరు గళ్లు లేకపోతే ఇటువంటి వైరుధ్యం చేతికి చిక్కదు.

కదలికను చాలామంది మరచిపోతారు. 2005 నుంచి 2008 వరకు వచ్చిన ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’లో ఏ పాత్రనూ ‘చైనీయుడు’, ‘ఇన్యూట్’ అని పిలవరు, ఆ లోకంలో ఆ దేశాలే లేవు. కానీ నీటిని ఆడించేవారి చేతులు తాయ్ చీలా, నేలను కదిలించేవారి కాళ్లు హంగ్ గార్‌లా, అంటే చైనా యుద్ధకళల తీరులో, కదులుతాయి. అందుకు కిసు అనే యుద్ధకళల గురువును సలహాదారుగా పెట్టుకున్నారు. ప్రధాన పాత్రల గొంతులలో ఎక్కువ తెల్లవారివే అయినా, ఇల్లు, లిపి, తిండి, ఒంటి కదలిక కలిసి ఆసియా గుర్తింపును ఎంత గట్టిగా నిలబెట్టాయంటే, 2010లో సినిమాగా తీసినప్పుడు కటారా, సొక్కా పాత్రలకు తెల్ల నటులను తీసుకోగానే అభిమానులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు.

పేర్లు, తేదీలు, నిర్ణయాలు

చివరగా ముగింపు టైటిల్స్ చదివి, గొంతు ఎవరిది, రచన ఎవరిది, రూపకల్పన ఎవరిది అని రాసుకోండి. 2020 జూన్ తర్వాతి ధారావాహికలకు ఇది తప్పనిసరి. జార్జ్ ఫ్లాయిడ్ హత్య అనంతర నిరసనల నేపథ్యంలో, శ్వేతేతర పాత్రలకు ఇకపై తెల్ల నటుల చేత చెప్పించబోమని ‘ది సింప్సన్స్’ ప్రకటించింది. కార్ల్ గొంతు అలెక్స్ డెసెర్‌కు, మరుసటి ఏడాది హిబ్బర్ట్ గొంతు కెవిన్ మైకేల్ రిచర్డ్‌సన్‌కు మారాయి. ‘బిగ్ మౌత్’లో మిస్సీ పాత్రను జెన్నీ స్లేట్ వదులుకోగా అయో ఎడెబిరి తీసుకుంది. ‘ఫ్యామిలీ గై’లో క్లీవ్‌లాండ్ గొంతును మైక్ హెన్రీ తర్వాత అరిఫ్ జహీర్ ఇస్తున్నాడు. అంతకు ముందే 2020 జనవరిలో అజారియా అపూను వదిలేశాడు. ఆ పాత్ర ఇప్పటికీ నేపథ్యంలో కనిపిస్తుంది, మాట్లాడదు.

ఈ మార్పులు న్యాయమైనవే, ఉపాధి దృష్ట్యా ఎప్పుడో జరగవలసినవి. అయితే మైకు ముందు మనిషి మారినంత మాత్రాన కార్ల్‌కు కొత్త కథ దానంతటదే రాదు. పాత్రకు మాటలు రాసి ఇచ్చేది రచయితల గది. అందుకే గొంతు మారక ముందు ఒకటి, మారిన తర్వాత ఒకటి, రెండు ఎపిసోడ్లు తీసుకుని పైన చెప్పిన స్థానాల పరీక్షను రెండింటికీ చేయమంటాను.

నటుడి జాతి, పాత్ర జాతి ఒకటే కావాలన్న సూత్రాన్ని కూడా గుడ్డిగా వాడకండి. ‘ది బూన్‌డాక్స్’లో ఇద్దరు నల్లజాతి బాలురకూ రెజీనా కింగ్ ఒక్కరే గొంతు ఇచ్చారు. అదే ధారావాహికలో శామ్యూల్ ఎల్. జాక్సన్ ఒక తెల్లవాడిని పలికాడు, వ్యంగ్యమంతా అక్కడే ఉంది. ‘సమురాయ్ జాక్’లో జపనీయుడైన కథానాయకుడికి గొంతు నల్లజాతి నటుడు ఫిల్ లమార్‌ది. ‘బోజాక్ హార్స్‌మన్’లో వియత్నాం మూలాలున్న డయాన్‌ను తెల్ల నటి ఆలిసన్ బ్రీ పలకడం పొరపాటేనని తర్వాత సృష్టికర్తే ఒప్పుకున్నాడు. ఆ ధారావాహికలోనే హాలీహాక్ అనే గుర్రప్పిల్లకు గొంతు అపర్ణ నంచర్లది, ఆ పాత్రలో భారతీయత అంటూ ఏదీ గుర్తు పెట్టలేదు. ఎవరు ఎవరిని పలుకుతున్నారన్న దానితో పాటు, ‘గుర్తు లేని మనిషి’గా ఉండే అవకాశం ఏ పాత్రకు దక్కిందో కూడా రాయండి.

వ్యాసంగా రాసేటప్పుడు ప్రతి వాక్యమూ ఏ పొర గురించో తెలిసేలా రాయండి. ‘ఈ ధారావాహిక జాత్యహంకారంతో కూడినది’ అని రాస్తే చదివేవారికి ఏమీ అందదు. ‘ఈ సన్నివేశంలో రంగు ఇలా, యాస ఇలా, కుర్చీ ఇక్కడ’ అని రాస్తే వారు స్వయంగా వెళ్లి సరిచూసుకోగలరు. ఎపిసోడ్ పేరు, ప్రసారమైన సంవత్సరం, నిమిషం తప్పక ఇవ్వండి, ఎందుకంటే పాత ధారావాహికలను స్ట్రీమింగ్ సంస్థలు కత్తిరించి, కొన్ని ఎపిసోడ్లను తొలగించి చూపుతుంటాయి. మీరు చూసిన ప్రతి మీ పాఠకుడికి దొరకకపోవచ్చు. తెలుగులో డబ్ అయిన కార్టూన్‌ను పరిశీలిస్తుంటే మూలభాషలోని ఎపిసోడ్‌ను కూడా దగ్గర పెట్టుకోండి. మూలంలో యాసతో పలికిన పాత్ర ఇక్కడ ఏ మాండలికంలో మాట్లాడుతోందో, లేక యాస లేని పుస్తకాల తెలుగులో మాట్లాడుతోందో చూడండి. అది కూడా ఇక్కడి స్టూడియోలో ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయమే కాబట్టి, దానికీ మీ నోట్సులో ఒక గడి ఉండాలి.